మంగు ట్యూబు, సాంబారు గుండిగ, చెంపల మీద తేలిన నరాలు: ఒక కేసు

హైదరాబాద్‌లో చర్మవైద్యురాలిగా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ముఖం మీద ఎర్రటి సన్నని గీతలు తేలాయని వచ్చేవాళ్లు ప్రతి వారం ఉంటారు. వాళ్లందరిలోకి ఈ ఒక్క కేసునే రాయడానికి కారణం, ఇందులో నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు వల్ల పేషెంటుకు మూడు వారాలు వృథా అయ్యాయి. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఎవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

వచ్చినప్పుడు

ఏప్రిల్ రెండో వారం. నలభైకి దగ్గర పడుతున్న గృహిణి, భర్తతో కలిసి కర్రీ పాయింట్ నడుపుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి వెలిగిస్తే, పదకొండుకు కౌంటర్ తెరిచేసరికి పది రకాల కూరలు, పప్పుచారు, సాంబారు సిద్ధంగా ఉండాలి. క్లినిక్‌లోకి వచ్చేటప్పుడు చున్నీ ముఖానికి చుట్టుకుని ఉంది. కుర్చీలో కూర్చున్నాక కూడా వెంటనే తీయలేదు.

"నరాలు తేలినయ్ మేడమ్. ముక్కు పక్కన, చెంపల మీద. కూర కట్టిచ్చుకునేటోళ్లు సుత అడుగుతున్నరు, ఏమైందక్కా అని."

మన దగ్గర రక్తనాళాన్ని కూడా నరమనే అంటారు కాబట్టి ఆ మాట విని నేనేమీ కంగారు పడలేదు. చూస్తే రెండు చెంపల మీద, ముక్కు రెక్కల పక్కన సన్నని ఎర్ర గీతలు, కొన్నిచోట్ల సాలెగూడులా అల్లుకుపోయి ఉన్నాయి. చామనఛాయ చర్మం మీద మామూలుగా ఎరుపు అంత తేలిగ్గా కనబడదు, గోధుమ రంగులో కలిసిపోతుంది. అలాంటిది మూడడుగుల దూరం నుంచే కనబడుతోందంటే పైచర్మం బాగా పల్చబడిందనే అర్థం. గడ్డం దగ్గర చిన్న చిన్న ఎర్ర పొక్కులు ఉన్నాయి. దవడల వెంట మామూలుకంటే ఎక్కువగా నూగు ఉంది.

గాజు స్లైడుతో నొక్కితే గీతలు మాయమై, తీయగానే మళ్లీ వచ్చాయి. అంటే రక్తం బయటకు చిమ్మిన మచ్చలు కావు, విప్పారిన రక్తనాళాలే. వీటిని 'పగిలిన కేశనాళికలు' అంటుంటారు గానీ పగిలిందేమీ ఉండదు. లోపల రక్తం నడుస్తూనే ఉంటుంది. గోడ సాగి, మళ్లీ కుదించుకోలేని స్థితికి వస్తుంది, అంతే. మేం టెలాంజియెక్టేసియా అంటాం. ఈ తేడా మాటల పట్టింపు అనిపించవచ్చు గానీ వైద్యం దీని మీదే ఆధారపడి ఉంది. పగిలింది అనుకున్నవాళ్లు అతికించే క్రీము కోసం వెతుకుతారు. సాగిపోయిన నాళాన్ని మునుపటిలా చేసే క్రీము లేదు. క్రీములు చేయగలిగింది వేరే, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎందుకు వచ్చింది

నా మనసులో నాలుగు అనుమానాలు మెదిలాయి. రొసేషియా (ముఖం తరచూ ఎర్రబడే చర్మ జబ్బు), లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు), లివర్ జబ్బు, స్టెరాయిడ్ క్రీము.

లూపస్ దద్దురు మామూలుగా ముక్కు పక్క నుంచి పెదవి చివరికి దిగే మడతను వదిలేస్తుంది. ఈమెకు వదల్లేదు. అయినా మోకాళ్ల నొప్పులున్నాయని చెప్పడంతో లూపస్ అనుమానానికి చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష రాశాను, నెగెటివ్ వచ్చింది. లివర్ జబ్బులో వచ్చే సాలీడు ఆకారపు నాళానికి మధ్యలో ఒక చుక్క ఉంటుంది. అక్కడ నొక్కి వదిలితే రక్తం నడుమ నుంచి బయటికి పాకుతుంది. ఇక్కడ అలా లేదు. బీపీ మాత్రల గురించి కూడా అడిగాను. ఆమ్లోడిపిన్ లాంటివి వాడేవాళ్లలో కొందరికి ముఖం మీద ఇలా నాళాలు తేలుతాయి. ఆమెకు బీపీ లేదు.

"ముఖానికి ఏం రాస్తారు?" అంటే "ఏం రాయ మేడమ్, పౌడర్ గంతే" అంది. ఈ జవాబును నేను నమ్మను. అబద్ధమని కాదు. రోజూ వాడేదాన్ని మందుగా లెక్కపెట్టడం మానేస్తారు. అందుకే "బాత్రూమ్ అద్దం దగ్గర ఏమేం డబ్బాలున్నయో అన్నీ ఒక కవర్లో వేసుకుని రేపు రండి" అన్నాను. మర్నాడు కూర కట్టే క్యారీబ్యాగులోనే తెచ్చింది. కలబంద జెల్, విటమిన్ సి సీరమ్, విటమిన్ ఇ గుళికలు, సున్నిపిండి డబ్బా, వాటన్నిటి కిందా తోక దాకా చుట్టేసిన ఒక ట్యూబు.

దాదాపు నాలుగేళ్ల కిందట చెంపల మీద మంగు వస్తే ఒక డాక్టరు రాసిన ట్యూబు అది. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్ మూడూ కలిసినది. మంగుకు కొన్ని వారాలు వాడి ఆపాల్సిన మందు. వాడింది, మంగు పోయింది. ఆపితే మళ్లీ వచ్చింది. అప్పటినుంచి ఖాళీ ట్యూబు మెడికల్ షాపులో చూపించి కొత్తది తెచ్చుకోవడమే. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కౌంటర్ దగ్గర ఎవరూ చీటీ అడగలేదు.

మొమెటసోన్ బలమైన స్టెరాయిడ్. రాసినప్పుడు రక్తనాళాలను బిగిస్తుంది, ముఖం తేటగా కనబడుతుంది. అదే సమయంలో చర్మంలో కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది. నెలల తరబడి రాస్తే నాళం చుట్టూ ఉన్న ఆసరా కరిగిపోతుంది, పైచర్మం ఉల్లిపొర అవుతుంది. రాయడం ఆపగానే బిగించి ఉంచిన నాళాలన్నీ ఒక్కసారి విప్పారతాయి. మంట, వాపు, ఎరుపు. "ట్యూబు పెట్టకపోతే ముఖం మండుతది మేడమ్, పెడితే సల్లగైతది" అని ఆమె తనకు తెలియకుండానే జబ్బు పేరు చెప్పేసింది. దీన్ని మేం స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అంటాం. చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోపులో చూస్తే మెలికలు తిరిగిన నాళాల అల్లిక, మధ్యలో తెల్లబడిన చర్మం, నూగు అన్నీ కనిపించి అనుమానం తీరింది.

నేను చేసిన తప్పు

ట్యూబు ఆ రోజే ఆపమన్నాను. సున్నిపిండి, సీరమ్, విటమిన్ ఇ అన్నీ ఆపించాను. సబ్బు బదులు నురగ తక్కువ వచ్చే క్లెన్సర్, వాసన లేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, రాత్రికి స్టెరాయిడ్ కాకుండానే వాపును తగ్గించే టాక్రోలిమస్ 0.03 శాతం ఆయింట్‌మెంట్ రాశాను. "కొద్దిరోజులు ఎర్రబడుతుంది, ఓర్చుకోవాలి" అని ఒక ముక్క చెప్పాను. ఓపీలో బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. నెలకు రమ్మన్నాను.

మూడో వారంలోనే వచ్చింది. ముఖం తేటగా, నున్నగా ఉంది. పొక్కులు లేవు. నిజం చెప్పాలంటే ఒక అర నిమిషం నా చీటీని చూసి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత లెక్క కుదరలేదు. నాలుగేళ్ల మొమెటసోన్ ఆపిన ముఖం మూడో వారానికి ఇంత నెమ్మదించడం ఎక్కడిది? అడగకముందే ఆమే అంది: "వారానికి రెండుసార్లు పెట్టుకుంటే పర్వాలేదు కదా మేడమ్?"

జరిగింది ఇదీ. నాలుగో రోజుకు ముఖం ఉబ్బింది. టాక్రోలిమస్ రాస్తే మిరపకాయ రాసినట్టు మండింది. మొదటి రోజుల్లో అది మండుతుంది, ఆ సంగతి నేను విడిగా చెప్పలేదు. క్లినిక్‌కు ఫోన్ చేసింది, మావాళ్లెవరూ ఎత్తలేదు. ఆ ముఖంతో కౌంటర్‌లో నిలబడలేక రెండు రోజులు ఆడపడుచును కూర్చోబెట్టింది, లెక్కలు తేడా వచ్చాయి, ఇంట్లో గొడవ. తొమ్మిదో రోజు రాత్రి చెత్తబుట్టలోంచి ట్యూబు తీసి రాసుకుంది. తెల్లారేసరికి ముఖం చల్లబడింది.

ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. నేను చర్మానికి చీటీ రాశాను. కౌంటర్ వెనక నిలబడాల్సిన మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

రెండో ప్రయత్నం

స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా దింపాలా అన్నదాని మీద మా వృత్తిలో రెండు అలవాట్లూ ఉన్నాయి. కొద్ది నెలలు వాడినవాళ్లకు నేను ఒక్కసారే ఆపిస్తాను. ఈమె విషయంలో వాడకం నాలుగేళ్లు, మందు బలమైనది, రోజూ పదిమంది ముందు నిలబడే పని. పైగా ఒకసారి ఓడిపోయి వచ్చింది, రెండోసారి ఓడితే మళ్లీ రాదు. అందుకని దింపడమే ఎంచుకున్నాను. మూడు మందుల ట్యూబు పూర్తిగా తీసేసి బలహీనమైన హైడ్రోకార్టిసోన్ 1 శాతం ఇచ్చాను. రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి, ఆ తర్వాత రెండు వారాలు వారానికి రెండుసార్లు, అక్కడితో బంద్. ఖాళీ రాత్రుల్లో టాక్రోలిమస్. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకుని, ముందు మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకాక పైన పల్చగా రాయమన్నాను. మంట సగం తగ్గింది.

పొక్కులు ఎలాగూ తిరిగి వస్తాయని తెలుసు కాబట్టి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, ఆరు వారాలు. అప్పటికే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది కాబట్టి గర్భం భయం లేదు. నిండా నీళ్లతో, తిన్నాక వేసుకుని వెంటనే పడుకోవద్దని, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దని చెప్పాను.

ఈసారి ఏ రోజు ఎలా ఉంటుందో కాగితం మీద రాసి ఇచ్చాను. నాలుగో రోజు ఇలా, పదో రోజు ఇలా అని. ఐదో రోజు, పదో రోజు మా నర్సు ఫోన్ చేసింది. పదో రోజు ఫోన్‌లో ఆమె ఏడ్చింది, ట్యూబు మాత్రం ముట్టలేదు.

ఆరు వారాలకు పొక్కులు పోయాయి, మంట తగ్గింది, ఎరుపు ఉంది. నాళాలు ఉన్నాయి.

గుండిగ మూత

ఇంతలో ఒక వింత. ఆదివారాలు కర్రీ పాయింట్‌కు సెలవు. సోమవారం సాయంత్రానికి ఎరుపు ఎక్కువ, ఆదివారానికి తక్కువ. పొయ్యి వేడి కారణమని ఎవరైనా చెబుతారు, నేనూ చెప్పాను. "పొయ్యి కాడికి పోకుంటే ఎట్ల మేడమ్?" అంది, నా దగ్గర జవాబు లేదు. అప్పుడు తన ఫోన్‌లో వాట్సాప్ స్టేటస్ కోసం తీసిన వీడియో చూపించింది, వంటశాల ఎంత చిన్నదో నాకు తెలియాలని.

వీడియోలో ఆమె సాంబారు గుండిగ మూత తీస్తోంది. మూత తన వైపు అంచు పైకి లేపి తన వైపుకే తెరిచింది. ఆవిరి అంతా మెడ నుంచి నుదుటి దాకా కొట్టింది. ఆ ఆవిరిలోనే ముఖం వంచి వాసన చూసింది. నాలుక మీద వేసుకోకుండా వాసనతోనే ఉప్పు కనిపెట్టగలదట. మూత పెట్టి పక్క గుండిగ. అక్కడా అదే. "రోజుకు ఎన్నిసార్లు?" అంటే నవ్వి, "లెక్కపెట్టలే" అంది.

వేడి, ఆవిరి తగిలినప్పుడు ముఖంలో నాళాలు విప్పారడం సహజం. మామూలు చర్మంలో మళ్లీ కుదించుకుంటాయి. ఆసరా పోయిన చర్మంలో విప్పారడమే తప్ప వెనక్కి రావడం ఉండదు. పొయ్యి మానలేదు, మూత తీసే తీరు మార్చింది. అవతలి అంచును పైకెత్తి, ఆవిరి గోడ వైపు పోయేలా తెరిచి, పది లెక్కపెట్టి ఆ తర్వాతే వంగడం. ఉప్పు చూడటం గరిటెతో చిన్న గిన్నెలోకి తీసుకుని. పొయ్యి పక్కన గోడకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించింది. నేను రాసిన ఏ క్రీముకూ తీసిపోని ఫలితం వచ్చిందని నా నమ్మకం. రుజువు చూపలేను, ఎందుకంటే క్రీములూ అప్పుడే నడుస్తున్నాయి.

సన్‌స్క్రీన్ గురించి ఆమె వాదన ఇంకొకటి. "నేను ఎండలకు ఎప్పుడు పోత మేడమ్?" కౌంటర్ పడమర ముఖం. మధ్యాహ్నం రెండు గంటలకు ఎండ సరిగ్గా చెంపలకే. పొద్దున రాస్తే పొయ్యి దగ్గర చెమటతో కరిగి కళ్లలోకి కారుతోందని మానేసింది. అందుకని పొద్దున వద్దు, వంట అయ్యాక ముఖం కడుక్కుని, కౌంటర్ తెరిచేముందు రాయమన్నాను, రెండు వేళ్ల పొడవున తీసుకుని. మంగు కూడా ఉంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న రకం ఇచ్చాను. మంగును అతినీల కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగూ ముదురు చేస్తుంది, దాన్ని ఆ రంగు అడ్డుకుంటుంది. ఆ రంగులో ఎరుపు కూడా కొంత దాగిపోవడంతో, మానకుండా రాసుకోవడానికి అసలు కారణం అదే అయింది.

మధ్యలో ఇంకో ఎదురుదెబ్బ నాదే. ఎనిమిదో వారంలో అజెలాయిక్ యాసిడ్ 20 శాతం మొదలుపెట్టాను. ఎరుపుకూ మంగుకూ రెండింటికీ పనికొస్తుంది, ఒకే దెబ్బకు రెండు పిట్టలని నా ఆశ. రెండు రాత్రుల్లో ముఖం మండిపోయింది. మందు సరైనదే, నేను ఇచ్చిన వేళ తప్పు. నాలుగో నెలలో మళ్లీ మొదలుపెట్టి, పదిహేను నిమిషాలు ఉంచి కడిగేయమన్నాను. అప్పుడు పడింది. తర్వాత మెల్లగా రాత్రంతా ఉంచగలిగింది.

ఆషాఢంలో బోనం ఎత్తింది. ముఖానికి పసుపు, మధ్యాహ్నపు ఎండ, జనం. మర్నాడు ముఖం ఎర్రగా కందిపోయింది. వద్దని నేను ముందే అనలేదు, అనను కూడా. పసుపు కాళ్లకు పూసుకుని ముఖానికి బొట్టుతో సరిపెట్టమని వచ్చే ఏడాదికి చెప్పాను.

లేజర్ ఎప్పుడు

మొదటి రోజు నుంచీ ఆమె అడిగింది లేజరే. చెల్లెలి పెళ్లి ఆగస్టులో ఉంది. నేను డిసెంబరు దాకా ఆపాను. మందు ఆపిన మొదటి నెలల్లో కొన్ని సన్న నాళాలు వాటంతటవే సద్దుమణుగుతాయి, పోయేవాటికి డబ్బు ఖర్చు పెట్టించడం ఎందుకు? అంతకంటే ముఖ్యం, పల్చబడి మంట మీదున్న చర్మానికి వేడి తగిలిస్తే నల్ల మచ్చ ఖాయం. వేసవిలో కమిలిన చర్మానికి మరీ ప్రమాదం.

లేజర్ వెలుగును నాళంలోని హీమోగ్లోబిన్ పీల్చుకుని వేడెక్కితే నాళం మూసుకుపోతుంది. చిక్కేమిటంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా అదే వెలుగును దోచుకుంటుంది. 532, 595 నానోమీటర్ల లేజర్లు తెల్ల చర్మాలకు బాగా పనిచేస్తాయి, మన చర్మంలో మెలనిన్ అడ్డుపడి పైపొర కాలే ప్రమాదం ఎక్కువ. 1064 నానోమీటర్ల లాంగ్ పల్స్ ఎన్‌డీ యాగ్‌ను మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది, అందుకని దాన్నే ఎంచుకున్నాను. దానికీ ఒక గుణం ఉంది. లోతుకు పోతుంది, ముక్కు రెక్క దగ్గర ఒకే చోట రెండు షాట్లు పడితే గుంట పడవచ్చు. కొన్నిచోట్ల 'లేజర్ టోనింగ్' పేరిట చేసేది క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్. పేరులో సగం ఒకటే, పని వేరు. నాళాలకు అది పనికిరాదు.

నవంబరులో చెవి ముందు ఒక్క చిన్న నాళం మీద పరీక్షించి ఐదు వారాలు ఆగాం. మచ్చ పడలేదు. డిసెంబరు నుంచి ఆరేసి వారాల ఎడంతో మూడు సిట్టింగులు చేశాను. చిన్న స్పాట్, ముందూ వెనకా చల్లదనం, షాట్‌కు షాట్‌కు మధ్య ఖాళీ, ఒకే చోట రెండోసారి కొట్టకపోవడం. సెట్టింగుల అంకెలు మెషీన్‌ను బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. నాళం కళ్లముందే మాయమైనా, ముదురు రంగుకు తిరిగినా ఆగాలి. పైచర్మం బూడిద రంగుకు వచ్చిందంటే అప్పటికే ఎక్కువైనట్టు.

ముక్కు పక్కన లావుపాటివి బాగా పోయాయి. చెంపల మీది వెంట్రుకంత సన్నవి సగమే తగ్గాయి. వాటిలో రక్తం తక్కువ, పోగొట్టాలంటే పవర్ పెంచాలి, ఈ చర్మం మీద పెంచను. రెండో సిట్టింగ్ తర్వాత కుడి చెంప మీద మినప గింజంత గోధుమ మచ్చ పడింది. మూడు నెలలకు పోయింది.

మంగు తిరిగి వచ్చింది, పాతదాని కంటే కొంచెం తక్కువగా. దీనికి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఇవ్వవచ్చా అని ఆలోచించాను. అవి రక్తం గడ్డకట్టే ముప్పును పెంచవచ్చు. వాళ్లమ్మకు కాలి సిరలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంది, ఈమె రోజంతా నిలబడి ఉంటుంది. ఇవ్వలేదు. అజెలాయిక్ యాసిడ్, రంగు సన్‌స్క్రీన్‌తోనే నడుపుతున్నాం.

ఈ కేసు తర్వాత నా దగ్గర కొన్ని మారాయి. ఏ స్టెరాయిడ్ క్రీము రాసినా చీటీ మీద ఆపాల్సిన తేదీ తెలుగులో రాస్తున్నాను. ముఖం మీద నాళాలని వచ్చినవాళ్లను క్యారీబ్యాగుతో రమ్మంటున్నాను. స్టెరాయిడ్ ఆపించినవాళ్లకు నర్సు ఫోన్ కాల్ తప్పనిసరి. ఏం పని చేస్తారని అడగడంతో ఆగకుండా, ఆ పని చేసేటప్పుడు ముఖం ఎక్కడ ఉంటుందని అడుగుతున్నాను. గాజులు కాల్చేవాళ్లు, ఇస్త్రీ బండివాళ్లు, హలీం భట్టీ దగ్గర పనిచేసేవాళ్లు, ఒక్కొక్కరి ముఖం ఒక్కో చోట ఉంటుంది.

మొన్న జూన్‌లో వచ్చినప్పుడు చున్నీ మెడ చుట్టూ ఉంది. ఎడమ ముక్కు రెక్క మీద రెండు గీతలు మిగిలాయి. ఇంకో సిట్టింగ్ చేస్తే పోవచ్చన్నాను. ఎంతవుతుందో అడిగి, మనసులో లెక్క వేసుకుని, "ఆ పైసలకు ఇంకో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వస్తది మేడమ్, లోపలి పొయ్యి కాడ పెట్టిస్త" అంది.